వ్రాత లేని యంత్రము

మా చిన్నతనమున మా గ్రామములో నొక బియ్యపుమిల్లు ఉండెడిది. దానిని నూనె ఇంజను నడిపెడిది. ఆ ఇంజనును కనిపెట్టుకొనియుండిన వృద్ధుడు దాని చప్పుడు విని యెక్కడ ఏ బోల్టు వదులైనదో, ఏ యిరుసునకు చమురు చాలలేదో చెప్పగలవాడు. ఇంజనుతో వచ్చిన పుస్తకము మాట యెవరైన నెత్తినచో నతడు నవ్వి, ‘‘దీని గుట్టు నా చేతికి తెలుసునండీ, కాగితానికేం తెలుసు?’’ అనెడివాడు. ఆ మాటలో గర్వమెంత యుండెనో సత్యమును అంతే యుండెను. ముప్పది యేండ్లలో నతడా ఇంజనునకు ఎన్నియో మార్పులు చేసెను. విరిగిన భాగమునకు బదులు కమ్మరిచేత వేరొకటి చేయించి పెట్టెను. ఒక గొట్టమును తీసి మరియొక చోట నమర్చెను. కొంతకాలమునకు పుస్తకములోని ఇంజను వేరు, మిల్లులోని ఇంజను వేరు అయ్యెను.

ఒక వర్షాకాలమున నతడు జ్వరముతో మరణించెను. తరువాత వచ్చినవాడు పని తెలియనివాడు కాడు. కాని పుస్తకమును బట్టి చూచిన ఇంజను సరిపడదు. ఇంజనును బట్టి చూచిన పుస్తకము సరిపడదు. ఆ యేటి పంటకాలమంతయు మిల్లు మూతపడియుండెను. ఊరివారు ధాన్యమును బండ్లమీద పొరుగూరికి తోలుకొనిపోయిరి.

ఇది చిన్న ఊరిలో జరిగిన చిన్న సంగతి. కాని యంత్రముల చరిత్రను తిరుగవేసి చూచితిమేని ఈ సంగతియే గొప్ప రాజధానులయందును, పెద్ద కర్మాగారములయందును మరల మరల జరిగినట్లు కానవచ్చును. యంత్రములను కనిపెట్టినవారి పేళ్లను పిల్లలు బడిలో వల్లించుచున్నారు. ఆ యంత్రము ఎట్లు కూర్పబడినదో, ఎట్లు నడుపవలయునో, ఎప్పుడే మార్పు జరిగినదో వ్రాసియుంచినవారి ప్రసక్తి మాత్రము చరిత్రలలో అరుదు. ఈ వ్యాసమున ఆ వ్రాతల చరిత్రను కొంతవరకు మా చదువరుల యెదుట నుంచ దలచినాము.

మొదట చీనాదేశపు కథను చెప్పుదుము. 11వ శతాబ్దపు చివరిభాగమున సోంగ్ వంశపు చక్రవర్తుల రాజధానియగు కైఫెంగ్ నగరమునందు సూ సోంగ్ అను మంత్రి యొక గడియారపు గోపురమును కట్టించెను. దాని యెత్తు ఇంచుమించు 40 అడుగులు. నీటిచే తిరుగు పెద్ద చక్రమొకటి దానికి ప్రాణము. ఆ చక్రము నీటి బరువునకు ఒక్కసారిగా తిరిగిపోక, గిన్నె నిండినప్పుడెల్ల ఒక్కొక్క మెట్టు మాత్రమే కదలునట్లు త్రాసుకోలలవంటి మీటలతో కూర్పు చేయబడెను. పై యంతస్తున నక్షత్రములను పరిశీలించు కంచు యంత్రమును, నడుమ ఖగోళమును, క్రింద గంటలను భేరులను మ్రోయించి కాలము తెలుపు బొమ్మలును ఉండెడివి. ముందుగా కొయ్యతో మాదిరి చేసి పరీక్షించిన పిదపనే కంచుపని మొదలు పెట్టిరి.

సూ సోంగ్ గోపురము కట్టించి యంతటితో నూరకుండలేదు. దాని భాగములను వివరించి, పటములు గీయించి, యొక గ్రంథము వ్రాసి చక్రవర్తికి సమర్పించెను. 150కి మించిన భాగములు అందు వర్ణింపబడినవి. ఇట్టి శ్రమ ఆనాటివారిలో కొందరికి అనావశ్యకముగ తోచియుండవచ్చును. గోపురము కన్నుల యెదుట నిలిచియుండగా దాని పటమెందులకు?

1127లో దీనికి సమాధానము వచ్చెను. ఉత్తరమునుండి దండెత్తివచ్చిన జిన్ రాజ్యమువారు కైఫెంగును పట్టుకొని, గడియారమును విప్పి, నేడు బీజింగు నగరమున్న తావునకు తరలించుకొనిపోయిరి. అక్కడ అది మునుపటివలె పనిచేయలేదు. దక్షిణమునకు తరలిపోయిన సోంగ్ ప్రభువులు మరల నట్టిదానిని చేయింపగోరి సూ సోంగ్ కుమారునిచే తండ్రి పత్రములను వెదకించిరి గాని పని నెరవేరలేదు. యంత్రమును పట్టుకొనిపోయినవారికి యంత్రము దక్కియు నడక దక్కలేదు. పోగొట్టుకొన్నవారికి జ్ఞాపకము మిగిలియు నది చాలలేదు. యంత్రమెరిగిన చేతులు అప్పటికి మన్ను గలిసియుండెను.

గ్రంథము మాత్రము బ్రదికెను. 1172లో దక్షిణదేశమున నది అచ్చుపడెను. ఇరువదవ శతాబ్దమున జోసెఫ్ నీడ్‌హామ్, వాంగ్ లింగ్, డెరెక్ ప్రైస్ అను పండితులు దానిని పరిశోధించి 1960లో నొక పుస్తకము ప్రకటించిరి. అంతకు రెండేండ్లు ముందే చీనా పండితుడు వాంగ్ జెన్‌దువో ఆ గడియారమునకు చిన్న నమూనాను తయారుచేసియుండెను. 1997లో జపానుదేశమునందలి షిమోసువా పట్టణమున నిజమైన కొలతతోనే దానిని మరల నిలిపిరి. దేశమును, భాషను, తొమ్మిది వందల యేండ్లను దాటి ఆ యంత్రము తిరిగి కదలుటకు కారణము కంచు కాదు, కాగితము.

అయితే వ్రాయుటకు అడ్డమైనది బద్ధకమొక్కటియే యని తలంపరాదు. దాచుకొను బుద్ధి అంతకంటె పెద్ద యడ్డు. మన దేశమున మందు పేరు చెప్పిన గుణము పోవునని నమ్మి, కన్నకొడుకునకుగూడ చెప్పక కన్నుమూసిన వైద్యులెందరో కలరు. ఐరోపాలో వృత్తిసంఘములవారును ఇట్లే తమ పనిలోని మర్మములను బయటివారికి తెలియనీక కాపాడుకొనుచుండిరి. ఈ గోడను పగులగొట్టుటకు పూనుకొన్నవారిలో ఫ్రెంచి పండితుడు దిదెరో ముఖ్యుడు. అతడు కత్తులుచేయు పనివాని కొడుకు. దాలంబేర్ అను గణితజ్ఞునితో కలిసి 1751లో ప్రారంభించిన విజ్ఞానసర్వస్వమునందు వేదాంతమునకును రాజనీతికిని ఎంత చోటిచ్చెనో, అద్దములు చేయుటకును మేజోళ్లు అల్లుటకును అంత గౌరవమిచ్చెను. 17 సంపుటములు మాటలకు, 11 సంపుటములు పటములకు కేటాయింపబడెను. మేజోళ్లల్లు యంత్రమును అతడు భాగము వెంట భాగముగ పరిశీలించి వర్ణించెను. పటములలో మొదట కర్మశాల యంతయు, దాని క్రింద విడివిడిగా పనిముట్లును, అక్షరపు గుర్తులతో చిత్రింపబడినవి. చేతిపని చేయువాని జ్ఞానము అక్షరమునకు అర్హమైన జ్ఞానమేయని ఆ పుటలు లోకమునకు చాటినవి. ఇది యంత్రశాస్త్రమునకు మాత్రమే చెందిన మార్పు కాదు, సంఘసంస్కారము కూడ.

పటము వర్తకములోనికి ప్రవేశించిన విధమును తెలిసికొనుటకు ఇంగ్లండునకు రావలయును. 1775లో మాథ్యూ బౌల్టనును జేమ్స్ వాట్టును భాగస్వాములై ఆవిరియంత్రముల వ్యాపారమునకు దిగిరి. వారు తొలుత ఇరువది యేండ్లు యంత్రమును పూర్తిగా తామే చేసి అమ్మలేదన్న సంగతి చాలమందికి తెలియదు. పెద్ద స్తంభకోశమును విల్కిన్సను అను నతడు పోతపోసి తొలిచి యిచ్చెడివాడు. తక్కిన భాగములు పలుచోట్ల తయారయ్యెడివి. గనుల యజమాని తన మనుష్యులచే వానిని నిలబెట్టించుకొనెడివాడు. మరి ఈ భాగస్వాములు అమ్మినదేమి? ముఖ్యముగ పటములను, సూచనలను, పని చూపు మనుష్యులను. యంత్రమును నిలబెట్టి నడుపు విధమును తెలుపు చిన్న పుస్తకమును 1779 ప్రాంతముననే వారు అచ్చువేయించిరి. పాతయంత్రముతో పోల్చి చూడగా మిగిలిన బొగ్గు విలువలో మూడవవంతు వారికి ప్రతిఫలము. యంత్రము ఎన్ని మారులు ఆడినదో తెలియకున్న ఈ లెక్క తేలదు. అందుచేత తాళము వేసిన పెట్టెలో నొక లెక్కింపు యంత్రమును బిగించి పంపెడివారు. వ్రాత, లెక్క, పటము అను మూడును వారి వ్యాపారమునకు మూలధనము.

దూరదేశములలోని పనివానికి వ్రాసిన యుత్తరమునందేమి చెప్పితిమో తరువాత జ్ఞాపకముండవలయును గదా. ఈ చిక్కును తీర్చుకొనుటకే వాట్టు తడిపిన పలుచని కాగితమును వ్రాతపై నదిమి నకలు తీయు యంత్రమును కనిపెట్టి 1780లో దానికి హక్కుపత్రము పొందెను. వారి పటములును ఉత్తరములును వేలకొలది నేటికిని బర్మింగ్‌హాము గ్రంథాలయమున భద్రముగ నున్నవి. 1779లో స్మెథ్విక్ కాలువమీద నీరు తోడుటకు పెట్టిన వారి యంత్రమును అదే నగరమునందలి వస్తుప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.

1842లో సర్ జాన్ హెర్షెల్ ఇనుపలవణములు పూసిన కాగితముపై సూర్యకాంతిచే నీలి ప్రతులు తీయు పద్ధతిని కనిపెట్టెను. కొంతకాలమునకు ఇంజనీర్లు దానిని గ్రహించిరి. పటము నొకసారి గీసిన చాలును. నీలిరంగుమీద తెల్లగీతలతో ఎన్ని నకళ్లయినను చౌకగ వచ్చెడివి. ఇంతవరకు పటము లేమి బాధ. ఇప్పుడు పటములు మిక్కుటమగుట బాధ యయ్యెను. పది ప్రతులలో నొకదానిమీద దిద్దుబాటు చేసి తక్కిన తొమ్మిదింటిని మరచినచో, ఆ తొమ్మిదియు అబద్ధమాడును. పటమునకు సంఖ్య, తేదీ, దిద్దినవాని చేవ్రాలు, ఇది ఎన్నవ దిద్దుబాటో తెలుపు గుర్తు వేయు నియమము ఇందుచేత ముఖ్యమైనది. ఆ మూలనుండు చిన్న పెట్టెగీత అలంకారము కాదు. నీ చేతిలోని కాగితము నిన్నటిదా, నేటిదా యని చెప్పు సాక్షి.

ఈ సాక్షి లేనప్పుడేమగునో 1974లో ఇంగ్లండునందే తేటపడెను. లింకన్‌షైరు ప్రాంతమున ఫ్లిక్స్‌బరో అను పల్లె చెంత నైలానునకు కావలసిన రసాయనమును చేయు కర్మాగారము ఉండెడిది. అందులో ఆరు పెద్ద పాత్రలు మెట్లవలె నొకదాని తరువాత నొకటి నిలిపియుండెను. ఆ సంవత్సరము మార్చి నెలలో అయిదవ పాత్రకు పగులు కనబడెను. దానిని తీసివేసి, పని ఆగిపోకుండ నాలుగవ పాత్రకును ఆరవ పాత్రకును నడుమ 20 అంగుళముల వంకర గొట్టమును తాత్కాలికముగ నమర్చి, ఏప్రిలు మొదటి తేదీన మరల పని సాగించిరి. ఇంతటి పీడనమును మోయవలసిన ఆ గొట్టమునకు గీసిన పటమెట్టిది? కర్మశాల నేలమీద సుద్దముక్కతో నిజపు కొలతకు గీసిన గీత. అది తప్ప వేరు పటము లేదు. రెండు కొనల సాగు గొట్టములు ప్రక్కకు త్రోయు బలమును ఓర్చునా యని లెక్క వేసినవారు లేరు. ఆ భాగములు చేసినవారు అచ్చువేసిన సూచనలను చూచినవారు లేరు. ముఖ్య ఇంజనీరు ఉద్యోగము కొన్ని నెలలుగ ఖాళీగ నుండెను.

జూను 1వ తేదీ శనివారము సాయంకాలము అయిదు గంటలు కావచ్చుచుండగ ఆ గొట్టము ఊడిపోయెను. బయటికి వచ్చిన ఆవిరి అంటుకొని పేలెను. 28 మంది మరణించిరి. యంత్రములను అదుపుచేయు గదిలోనున్న 18 మందిలో నొకరును బ్రదుకలేదు. శనివారము గాక పనిదినమై యుండినచో మృతుల సంఖ్య ఇంకను ఎంతయో పెరిగియుండెడిది. ఆ గదితోపాటు అందలి లెక్కపత్రములు కూడ నశించెను. సుద్దగీత గీసినవారు దుష్టులు కారు. ఉత్పత్తి ఆగరాదని తొందరపడినవారు. కాని కాగితముమీద గీయవలసివచ్చినచో కొలత వేయవలసి వచ్చును. కొలత వేసిన సందేహము పుట్టును. చేవ్రాలు చేయవలసివచ్చినచో మరియొకరి నడుగవలసి వచ్చును. వ్రాత జ్ఞాపకమునకు మాత్రమే సాధనము కాదు, ఆలోచనకును సాధనము. ఎంత చిన్న మార్పునైనను వ్రాసి, పరీక్షించి, అనుమతించిన పిదపనే చేయవలయునన్న నియమము రసాయన పరిశ్రమలలో గట్టిపడుటకు ఈ దుర్ఘటన ముఖ్యకారణమయ్యెను.

వ్రాసిన చాలునా? చాలదని మరి పదునాలుగేండ్లకు తేలెను. స్కాట్లండునకు తూర్పున ఉత్తరసముద్రమున పైపర్ ఆల్ఫా అను చమురు వేదిక ఉండెను. అందు ద్రవమును త్రోయు పంపులు రెండు. 1988 జూలై 6వ తేదీన పగటి విడతవారు మొదటి పంపునకు చెందిన రక్షణ కవాటమును పరీక్షకై ఊడదీసి, ఆ తావున నొక మూతబిళ్లను పెట్టిరి. సాయంకాలమునకు పని ముగియలేదు. ఆ సంగతి ఒక అనుమతిపత్రమున వ్రాయబడియే యున్నది. కాని ఆ పత్రము యంత్రమును నడుపువారి గదిలో లేదు. ఆ పంపుకే చెందిన మరియొక పనికి మరియొక పత్రము వేరుగ నుండెను. రెండింటిని కలిపి చూపునది లేదు. రాత్రి పదిగంటలకు కొంచెము ముందు రెండవ పంపు ఆగిపోయెను. రాత్రి విడతవారు తమకు తెలిసినంతలో మొదటి పంపును నడుప బూనిరి. మూతబిళ్ల సందునుండి ఇంధనము పొంగి అంటుకొనెను. 167 మంది ప్రాణములు పోయినవి. లార్డ్ కల్లెన్ జరిపిన విచారణ నివేదిక 1990లో వెలువడెను. అందు చేసిన 106 సిఫారసులలో ఈ అనుమతిపత్రముల పద్ధతిని, ఒక విడతవారు మరియొక విడతవారికి పని యప్పగించు పద్ధతిని చక్కదిద్దవలయునన్నవియు చేరియున్నవి.

సుద్దగీత కథలో వ్రాత లేదు. ఈ కథలో వ్రాత కలదు గాని చేతి కందలేదు. చచ్చినవారికి రెండును ఒక్కటియే.

ఈ చరిత్రనుండి మంచి వ్రాతకు లక్షణములు వానియంతట అవియే తేలుచున్నవి. అది యంత్రము నేడున్నట్లు చెప్పవలయును గాని కొన్ననాడున్నట్లు కాదు. మార్పు జరిగిన దినముననే అందు మార్పు ఎక్కవలయును. తీరిక చిక్కినప్పుడు వ్రాయుదమన్నది వ్రాయకుండుటకు మారుపేరు. ఏమి చేయవలయునో చెప్పుటతోపాటు ఎందుకు చేయవలయునో చెప్పవలయును. కారణమెరిగినవాడు క్రొత్త చిక్కు వచ్చినను త్రోవ వెదకుకొనగలడు. అది అధికారి బీరువాలో గాక యంత్రము దాపున నుండవలయును. వ్రాసినవాడు వ్రాసిన మీదట, ఆ యంత్రము నెరుగని యొకనిచే చదివించి, చదివినట్లు చేయించి చూడవలయును. వాడెక్కడ తడబడునో అక్కడ వ్రాత లోపమున్నదని గ్రహించి దిద్దవలయును.

అన్నిటికంటె ముఖ్యము, యంత్రమునందు చేయిపెట్టువాని భాషలో నుండవలయును. మన దేశమున 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము ప్రకటనలు ఇంగ్లీషుతోబాటు పనివారిలో నెక్కువమందికి తెలిసిన భాషలోగూడ ఉండవలయునని శాసించినది. గోడమీది ప్రకటనకు చెప్పిన ఈ న్యాయము యంత్రముతో వచ్చు పుస్తకమునకు చెల్లదా? తెలుగునందు యంత్రభాష లేదని కొందరనుచుందురు. మర, ఇరుసు, మీట, చీల, తిరుగుడు, బిగింపు అను మాటలు కమ్మరి కొలిమియొద్దను వడ్రంగి చావడియందును ఎప్పటినుండియో యున్నవి. వాల్వు, నట్టు, బోల్టు అను మాటలను పనివారు ఏనాడో తెలుగు చేసికొనిరి. లేనిది మాట కాదు, వానియొద్ద కూర్చుండి వ్రాసికొను నోపిక.

ఈ విషయము కర్మాగారములకే గాని గృహములకు గాదని మా చదువరులు తలంపకుందురు గాక. ఇంటిలోని కుట్టుమిషను మొదలు నీటి మోటారు వరకు ప్రతి యంత్రముతోను పుస్తకము వచ్చును. అట్టపెట్టెతో దానిని పారవేయు వాడుక మనలో నెక్కువ. ఆ పుస్తకమును దాచి, దాని కడపటి పుటలో నెప్పుడు బాగుచేయించితిమో, ఏ భాగము మార్చితిమో, ఎవరు మార్చిరో రెండు పంక్తులు వ్రాయుట కష్టమైన పని కాదు. ఇంట నట్టి వాడుక నేర్చిన బాలుడు గాని బాలిక గాని రేపు కర్మాగారమున సుద్దగీతతో సరిపెట్టుకొనరని మా నమ్మకము.

తుదకు మా ఊరి వృద్ధుని మాట. కాగితమునకేమి తెలియునని యతడు నవ్వినందుకు మేము చాలకాలమతనిని తప్పుపట్టితిమి. పెద్దయైన పిమ్మట తెలిసినది, అతనికి అక్షరములు రావు. ఆ నవ్వు గర్వమువలన వచ్చినదో సిగ్గువలన వచ్చినదో యిప్పుడు చెప్పువారు లేరు. అతడు వ్రాయలేకపోవుట యతని నేరము కాదు. ఆ ఊరిలో చదువుకొనుచున్న పిల్లలు పలువురుండిరి. వారిలో మేమును ఒకరము. సాయంకాలములందు మిల్లు అరుగుమీద నతని చెంత కూర్చుండి ఇంజను ముచ్చట్లెన్నియో వింటిమి. చంకలో పలకయు, సంచిలో కాగితములును ఉండెను. ఏ గొట్టమును ఎందులకు మార్చితివని అడిగి ఒక్క పుట యైనను వ్రాసికొనలేదు. చదువు వచ్చినవారము వ్రాయక, పని వచ్చినవాడు వ్రాయలేక, ఆ యేడు మిల్లు నిలిచిపోయినది.

మన చుట్టును అట్టి వృద్ధులు ఇప్పటికిని పని చేయుచునే యున్నారు. వారు ఉండగనే వారియొద్దకు పోయి, అడిగి, వ్రాసి, వ్రాసినదానిని వారికి చదివి వినిపించి దిద్దుకొనుట చదువుకొన్నవారి విధి.